ఐదో మాటకి బొమ్మ లేదు

రాస్తున్నావా? ముందు మా అక్క గురించి రాయి. నీ మిషన్ల సంగతి తర్వాత వస్తుంది. నీకు అన్నీ తెలిసినవే అయినా చదివేవాళ్ళకి తెలియదు కదా, అందుకని మొదటినుంచీ చెబుతాను. మధ్యలో ఆపకు.

మా అక్క నాకంటే ఆరేళ్ళు పెద్దది. కొడవలూరు దగ్గర మా ఊళ్ళోనే పుట్టి, మా ఊళ్ళోనే మెట్టింది. నేనూ అంతే. మా రెండిళ్ళకీ మధ్య ఒక పంట కాలువ, దాని మీద తాటి దుంగ. కూర గిన్నెలు ఆ దుంగ మీదుగా అటూ ఇటూ నడిచేవి. పోట్లాడుకున్నప్పుడు కూడా నడిచేవి, కాకపోతే గిన్నె గట్టుమీద పెట్టి మాట్లాడకుండా వెళ్ళిపోయేవాళ్ళం.

శుభ శుక్రవారం నాడు మా చర్చిలో పన్నెండు నుంచి మూడు దాకా ఆరాధన. ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటల్ని ఏడుగురు పంచుకుంటారు. ఒక్కొక్కరు ఒక్కో మాట మీద పది నిమిషాలు మాట్లాడతారు. ఐదో మాట దాహం గురించి. అది మా అక్కది. ఎవరూ రాసివ్వలేదు కానీ, ఊళ్ళో ఇంకెవరూ దాని జోలికి వెళ్ళేవాళ్ళు కాదు.

లేచి నిలబడగానే మొదలుపెట్టేది కాదు మా అక్క. ఆడవాళ్ళ వైపు మొదటి బెంచీ నుంచి చివరి బెంచీ దాకా, మళ్ళీ మగవాళ్ళ వైపు వెనకనుంచి ముందుకి, అందరినీ ఒక చుట్టు చూసేది. ఆ తర్వాతే నోరు తెరిచేది. పిల్లలు ఒకళ్ళనొకళ్ళు గిల్లుకుని నవ్వుకునేవాళ్ళు. ఒక ఏడాది ఇంటికొస్తూ నేనే అడిగాను.

"ఏందక్కా ఆ చూపు? హాజరు పట్టీ వేస్తుండావా?"

"వేయొద్దా మరి? ఎవరు వచ్చినారో చూడకుండా ఎవరికి చెప్పేది? గోడకా?"

ఆ తర్వాత ఒక ఏడాది నీళ్ళగదిలో కాలు జారి పడింది. తుంటి విరిగింది. అప్పటికి బావగారు లేరు. కూతురు దొరవారిసత్రం దగ్గర ఊళ్ళో టీచరు. అక్కడికి తీసుకుపోయింది. అప్పటినుంచీ మంచమే. ఆరు శుభ శుక్రవారాలు మా చర్చిలో ఐదో మాట ఎవరో ఒకరు చెప్పారు. బాగానే చెప్పారు. కానీ లేచి వెంటనే మొదలుపెట్టేసేవాళ్ళు.

ఆరో ఏడాది క్రిస్మస్ వెళ్ళాక చూడటానికి పోయాను. నాలుగు ఇడ్లీలు కట్టుకుపోతే ఒకటి తిని, నా చెయ్యి పట్టుకుంది.

"ఈసారి నా మాట నేను చెప్పాల."

"ఎట్టా చెప్తావక్కా? ఇంత దూరం నిన్ను యాడ మోసుకుపోయేది?"

"నన్నెందుకు మోసేది? నీ మనవరాలు చర్చిలు చూపిస్తాది గదా ఫోన్లో. నన్నూ చూపియ్యమను. మనూరోళ్ళకి నా మొహం కనపడాల."

"అందరితో ఫోన్లో మాట్లాడతానే ఉండావు గదా?"

"మాట్లాడేది వేరే. ఆరేళ్ళు కనపడకపోతే ఉన్న మనిషిని కూడా పోయినోళ్ళలో కలిపేస్తారే. మొన్న ఒకామె నీ కూతుర్ని పలకరించి, మీ పెద్దమ్మ పోయి ఎన్నాళ్ళయింది అని అడిగిందంట. నాకు తెలియదనుకున్నావా?"

నిజమే, అడిగింది. నేనే ఎవరికీ చెప్పొద్దన్నాను.

ఇక ఆ మనవరాలి సంగతి, అంటే నీ సంగతి. రాయి, సిగ్గుపడకు. నువ్వప్పటికి చెన్నైలో ఉద్యోగం మానేసి ఇంటికొచ్చి, ఇద్దరు స్నేహితులతో కలిసి ఈ పని మొదలుపెట్టావు. చిన్న చిన్న సంఘాలు తమ ఆరాధనల్ని ఫోన్లలో చూపించుకోవడానికి ఒక ఏర్పాటు. పొద్దున లేచింది మొదలు చెవులకి అవి తగిలించుకుని గోడతో మాట్లాడినట్టు మాట్లాడుతుంటే, ఏం చేస్తున్నావో నాకు అర్థమయ్యేది కాదు.

"క్లౌడంటే మబ్బు గదా? మబ్బులో ఏం పెడతావే?" అని అడిగాను ఒకసారి, వడియాలు పెడుతూ.

"మబ్బూ లేదు ఏమీ లేదవ్వా. యాడనో పెద్ద పెద్ద గోడౌన్లలో వేలకి వేలు కంప్యూటర్లుంటాయి. మనకి కావాల్సినన్ని అద్దెకి తీసుకుంటాం. చర్చిలో పెట్టిన ఫోన్లోనుంచి బొమ్మ ముందు ఆడికి పోతాది. ఆడ దాన్ని మూడు సైజులు చేస్తాం. సిగ్నల్ బాగున్నోళ్ళకి పెద్దది, లేనోళ్ళకి చిన్నది. ఆణ్ణించి జనానికి దగ్గర్లో ఉండే కంప్యూటర్లకి పంపిస్తాం. చూసేటోళ్ళు వాటిల్లోనుంచి తీసుకుంటారు."

"ఓస్. పెద్ద కాలువ, పిల్ల కాలువలు, తూములు. మీ తాత చేసిన పనే గదా."

నువ్వు నవ్వావు, కానీ కాసేపటికి కాగితం తెచ్చుకుని తూముల గురించి నన్నే అడిగావు. మీ తాత కాలువ మీద లస్కరు. గట్టు వెంట సైకిల్ తొక్కుకుంటూ ఏ తూము ఎంత ఎత్తాలో, ఎంత దించాలో చూడటమే ఆయన పని. కాలువ మొదట్లో ఉన్నవాళ్ళు ఎప్పుడూ ఎక్కువ తీసుకుంటారు, చివరివాళ్ళు ఎప్పుడూ ఎదురుచూస్తారు. ఆయన బతుకంతా ఆ రెండింటి మధ్య సైకిల్ మీదే గడిచింది.

"మరి జనం ఎక్కువైపోతే?" అని అడిగాను.

"ఎక్కువయ్యే కొద్దీ కొత్త మిషన్లు వాటంతట అవే లేస్తాయవ్వా. లేచేదానికి నాలుగైదు నిమిషాలు పట్టిద్ది. జనం మాత్రం ఒక్కసారే యాడొస్తారు? మెల్లిగా గదా వచ్చేది."

అదీ నిజమే. ఆదివారం మనవాళ్ళు వచ్చే తీరు తెలిసిందే. మొదటి పాటకి పదిమంది, ప్రార్థనకి ఇంకొందరు, ప్రసంగం సగమయ్యాక చెప్పులు విడుస్తూ మిగతావాళ్ళు. ఫోన్లలోనూ అదే వరస. నీ మిషన్లు కూడా ఆ ఆలస్యానికి అలవాటుపడ్డాయి. ప్రతి ఆదివారం చక్కగా లేచేవి, చక్కగా పడుకునేవి.

ఆ ఏడాది మా చర్చి అయ్యగారికి ఒక ఆలోచన వచ్చింది. చుట్టుపక్కల సంఘాలన్నీ కలిసి ఒకే ఆరాధన. మా చర్చినుంచి మొదలవుతుంది. ఏడు మాటలు ఏడు చోట్లనుంచి ఏడుగురు, ఎవరి చోటునుంచి వాళ్ళు చెబుతారు. చర్చికి రాగలిగినవాళ్ళు వస్తారు, ఫోన్లలోకి వచ్చేదే అక్కడ గోడ మీద తెరకీ వస్తుంది. రాలేనివాళ్ళు, కృష్ణపట్నం రేవులో షిఫ్టులో ఉన్నవాళ్ళు, ఆస్పత్రుల్లో పనిచేసే పిల్లలు, మంచం మీద ఉన్న పెద్దవాళ్ళు ఫోన్లో చూస్తారు. ఐదో మాట మా అక్క, దొరవారిసత్రం పక్కనుంచి. నేను ఫోన్ చేసి చెబితే, "తెల్ల చీరకి గంజి పెట్టించాల," అంది.

ఇప్పుడు నేను చేసిన తప్పు రాయి. మొహం అట్లా పెట్టకు, రాయి.

శుభ శుక్రవారానికి ముందు వారం స్త్రీల కూడికలో ఉపవాసం గురించి మాట్లాడుకుంటున్నాం. నేను లేచి అన్నాను: "ఉపవాసం నోటికేనా అయ్యగారూ? ఈ ఫోనుకి లేదా? పొద్దున్నించీ కూడు ముట్టరు గానీ చేతిలో ఫోను మాత్రం దించరు. ఆరోజు పన్నెండింటి గంట కొట్టిందాకా ఫోను కూడా ముట్టకుండా ఉండమనండి." ఆడవాళ్ళంతా నవ్వారు. అయ్యగారికి ఆ మాట ఎంత నచ్చిందంటే అన్ని సంఘాలకీ కబురు పెట్టారు. రెండు మూడు చర్చిల్లో ప్రసంగంలో కూడా చెప్పారట, కొడవలూరు వైపు ఒక పెద్దమ్మ ఇట్లా అన్నదని. నేను వారం రోజులు తల ఎత్తుకుని తిరిగాను. నువ్వూ విన్నావు. "భలే చెప్పినావవ్వా" అన్నావు. మనిద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

శుక్రవారం నువ్వు చర్చి పక్క గదిలో ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నావు. నేను నీ పక్కన. గోడకి అవతల జనం, కుర్చీలు జరిపిన చప్పుడు. పదకొండున్నరకి అక్క దగ్గరి ఫోన్ కలిపి చూశావు. ఫోన్ని ఇంకా కుర్చీకి సరిగ్గా కట్టలేదు. నాకు తిరిగే ఫ్యాను, అక్క నుదురు సగం కనిపించాయి. గొంతు మాత్రం వినిపించింది. "ఇంకొంచెం దించమ్మా, నా మొహం రావాల, ఫ్యాను మొహం కాదు," అని కూతురి మీద విసుక్కుంటోంది. సరిచేస్తారులే అని పెట్టేశావు.

పన్నెండుకి గంట కొట్టారు. గంట చప్పుడు ఆగకముందే నీ తెర మీద గీత ఒకటి గోడెక్కినట్టు నిటారుగా లేచింది. నువ్వు ముందుకి వంగావు. కాసేపటికి బొమ్మ ఆగిపోయింది. మధ్యలో చక్రం తిరగడం మొదలైంది. మొదటి మాట చెబుతున్న ఆయన నోరు తెరిచి అట్లాగే ఉండిపోయాడు.

నా ఫోన్ మోగింది. "పెద్దమ్మా, మాకు చక్రమే తిరగతా ఉంది." ఇంకొకటి. "అక్కా, బొమ్మ వచ్చి పోయింది, ఏందక్కా ఇది, మావాళ్ళందరం కూర్చోనుండాం." మరొకటి.

"మిషన్లు లేస్తున్నాయి గదా?" అని అడిగాను.

"లేస్తున్నాయవ్వా. లేచేలోపల జనం మూసి మళ్ళీ తెరస్తుండారు. తెరిచిన ప్రతిసారీ కొత్త మనిషి వచ్చినట్టే. లేచినవి లేచినట్టే నిండిపోతుండాయి. ఇన్నిటికి మించి ఇయ్యం అని అద్దెకిచ్చేటోళ్ళు హద్దు పెట్టినారు. హద్దు పెంచమని అడిగితే జవాబు రేపొస్తాది." మీటలు గబగబా కొడుతూనే ఉన్నావు. "అందరూ ఒకే నిమిషంలో ఎట్టా వచ్చినారవ్వా? ఏ ఆదివారమూ ఇట్టా రాలేదే!"

"గంట కొట్టినారు గదమ్మా. పొద్దున్నించీ ఎవురూ ఫోను ముట్టలా..."

అంటూనే ఆగిపోయాను. నువ్వు నా వైపు చూశావు. మళ్ళీ తెర వైపు తిరిగావు. ఆరోజు నువ్వు నన్ను తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

మొదటి మాట సగానికి పైగా ఎవరికీ అందలేదు. రెండో మాట ముక్కలు ముక్కలుగా పోయింది. అప్పుడు నువ్వే ఒక పని చేశావు. బొమ్మని మూడు సైజులు చేయడమే మిషన్ల మీద పెద్ద బరువు కాబట్టి, బొమ్మ మొత్తం తీసేసి గొంతు మాత్రమే పంపావు. తెర మీద సిలువ గుర్తు ఒకటి, దాని వెనక మాట. రెండు నిమిషాల్లో ఫోన్లు మోగడం ఆగిపోయింది. చివరగా ఒకామె చేసింది. ఆమె మొగుడు కృష్ణపట్నం ప్లాంటుకి షిఫ్టుకి పోతున్నాడు. "పెద్దమ్మా, ఆయనకి ఇప్పుడు బాగా వినపడతా ఉందంట. బస్సులో పోతా పదిమంది ఒకే ఫోను కాడ చేరినారంట. ఇట్టాగే ఉంచమని చెప్పమన్నాడు."

మూడో మాట, నాలుగో మాట గొంతులే వెళ్ళాయి. నాలుగో మాట ముగుస్తుండగా నువ్వు నా వైపు తిరిగావు.

"అవ్వా. పెద్దవ్వకి బొమ్మ వేద్దామా? పది నిమిషాలే గదా."

"వేస్తే ఏమైతాది?"

"కొంతమందికి బాగానే పోతాది. సిగ్నల్ తక్కువున్నోళ్ళు మళ్ళీ జారిపోతారు. బస్సులో ఉన్నోళ్ళు, రేవు కాడోళ్ళు. జారినోళ్ళు మళ్ళీ మూసి తెరస్తారు. అప్పుడు అందరికీ ఆగినా ఆగిపోవచ్చు."

నాకు మీ తాత గుర్తొచ్చారు. ఒక ఏడాది చెరువులో నీళ్ళు సగానికి వచ్చాయి. పైరు పొట్ట మీద ఉంది. చివరి పొలాలవాళ్ళు గట్టు మీద కూర్చుని ఏడుస్తున్నారు. ఆయన మొదటి తూము దించి నీళ్ళు ఆపేశారు. మొదటి తూము కింద మడి ఎవరిదో కాదు, మా అక్కది. అక్క చీర కుచ్చిళ్ళు దోపుకుని గట్టు మీదికి వచ్చింది.

"ఏం మరిదీ, నా మడి నీ కంటికి కనపడలా?"

"కనపడింది వదినా. అందుకే ముందు అదే దించినా. నీది ఎత్తిపెట్టి ఇంకోళ్ళది దించితే నన్ను ఈ గట్టు మీద నిలవనిస్తారా?"

ఆ కారు పంటలో మా అక్కకి సగం గింజ తాలు పోయింది. కోతలయ్యేదాకా ఆయనతో మాట్లాడలేదు. నాకు మాత్రం కూర గిన్నె పంపేది.

నువ్వు వేలు మీట మీద పెట్టుకుని నా నోటివైపు చూస్తున్నావు. అక్కడ గంజిపెట్టిన తెల్ల చీర కట్టుకుని, వెనక దిండ్లు పెట్టించుకుని, ఆరేళ్ళ తర్వాత ఊరికి కనపడబోతున్నానని కూర్చుంది మా అక్క. ఫోన్లు ముట్టొద్దని చెప్పిన నోరు నాదే. ఇప్పుడు చెప్పాల్సిందీ నేనే.

"వద్దు," అన్నాను. "గొంతే పంపించు."

అయ్యగారు ఐదో మాట అని ప్రకటించారు. తర్వాత ఏమీ లేదు. నిశ్శబ్దం. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు, దూరంగా ఎక్కడో కోడి. పది అంకెలు లెక్కపెట్టాను. ఇరవై. గోడకి అవతల చర్చిలో జనం కదులుతున్నారు. లైను తెగిందేమోనని నువ్వు గబగబా చూసుకున్నావు. తెగలేదు. ముప్పై. ఊపిరి అందడం లేదేమో, మాట పడిపోయిందేమో అనుకున్నాను.

అప్పుడు గ్లాసు చప్పుడైంది. గుటక. ఇంకో గుటక. తర్వాత గొంతు.

"ఆయన నీళ్ళు అడిగినాడు. అంతటి ఆయనే అడిగినాడు. నేను నా జన్మలో ఎవరినీ గ్లాసుడు నీళ్ళు అడగలా. నా కాలవ, నా బావి, నా చెంబు అనుకున్నా. ఈ మంచం మీద పడినాక దినానికి పదిసార్లు అడగతుండా. ముందు సిగ్గేసింది. ఇప్పుడు లేదు. అడగాల్సొస్తే అడగండి. మిమ్మల్ని అడిగితే లేచి ఇయ్యండి. మీ అందర్నీ చూసినాను. చాలు."

పది నిమిషాల మాట రెండు నిమిషాల్లో అయిపోయింది. చర్చిలో ఎవరో ముక్కు చీదారు. మీ అందర్నీ చూసినాను అని ఎందుకన్నదో ఆరోజు నాకు అర్థం కాలేదు. ఆమె దగ్గరున్న ఫోన్లో మేమెవరం కనిపించం కదా.

మూడింటికి ఆరాధన ముగిసింది. మజ్జిగ తాగకుండానే ఫోన్ చేశాను. ఆమే ఎత్తింది.

"ఏమే, ఎట్టుండాను? చీర బాగా కనపడిందా? మనోళ్ళు ఏమన్నారు?"

నోటిదాకా అబద్ధం వచ్చింది. ఆ రోజు ఆ అబద్ధం చెప్పలేకపోయాను.

"కనపడలేదక్కా. గొంతే వినపడింది. బొమ్మ వేస్తే చివరోళ్ళకి ఏమీ అందదని, నేనే వద్దన్నా."

అదే ఫ్యాను చప్పుడు.

"మీ ఇంట్లోవాళ్ళకి ఎప్పుడూ నా తూమే దొరుకుతాదేమే?"

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. "ఏడవబాక. తిన్నావా? ముందు పోయి తిను. మూడయింది," అంది.

మర్నాడు నువ్వు ఒక సంగతి కనిపెట్టావు. అక్క బొమ్మ ఆ గోడౌన్ల దాకా చక్కగానే చేరింది. అక్కడినుంచి జనానికి పంపలేదంతే, దాచిపెట్టి ఉంది. ఈస్టర్ రోజు అందరికీ వేద్దామని అక్కని అడిగావు. ఒప్పుకోలేదు.

"కోత అయినాక మడికి నీళ్ళెందుకమ్మా? నేను పోయినాక మీ ఇష్టం, ఏమైనా చేసుకోండి."

వానలు మొదలయ్యే ముందు పోయింది. అక్కడే భూస్థాపన చేశారు. మా ఊరివాళ్ళు రెండు వ్యాన్లలో వెళ్ళారు. పెట్టె మూసేముందు అందరూ వరసగా ఆమె మొహం చూశారు. చీర అదే, గంజి పెట్టిన తెల్ల చీర. ఆమె అడిగింది ఆ చూపు కాదని అక్కడున్నవాళ్ళలో నాకొక్కదానికే తెలుసు. నీకు కూడా తెలుసు, సరే.

ఆ బొమ్మ నేను ఇన్నాళ్ళూ చూడలేదు. ఎన్నిసార్లు వేస్తానన్నా వద్దన్నాను. ఇవన్నీ రాయిద్దామని నిన్న కూర్చున్నాక, చూడకుండా చెప్పడం న్యాయం కాదనిపించి వెయ్యమన్నాను.

ఫోన్ సరిగ్గానే కట్టారు. మొహం నిండుగా వచ్చింది. బాగా చిక్కిపోయింది, కానీ బొట్టులేని ఆ నుదురు, ఆ ముక్కు అవే. అయ్యగారు ఐదో మాట అనగానే కొంగు సవరించుకుంది. తర్వాత నోరు తెరవలేదు. ఊపిరి ఆడకా కాదు, మాట పడిపోయీ కాదు. కళ్ళు కదులుతున్నాయి. ఎడమ పక్కనుంచి మొదలుపెట్టి, మొదటి బెంచీ, రెండోది, మెల్లిగా చివరిదాకా. అక్కడ ఆగి, మళ్ళీ కుడిపక్క వెనకనుంచి ముందుకి. ఎదురుగా ఉన్నది కుర్చీకి కట్టిన ఫోను. ఆమె మాత్రం మా చర్చిలో ఒక్క బెంచీ కూడా వదలకుండా చూసింది. మూడో బెంచీ గోడపక్కన నా చోటు. అక్కడ ఒక్క క్షణం ఎక్కువ ఆగినట్టుంది. నాకట్లా అనిపించింది. అంతా అయ్యాక గ్లాసు అందుకుంది.

ఆరోజు ఆ నిశ్శబ్దంలో నేను అంకెలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

ఈ ఏడాది ఐదో మాట నన్ను చెప్పమన్నారు అయ్యగారు. చెబుతాను. కానీ ముందు ఆమె చూసిన ఆ చూపు వెయ్యి. మాట వద్దు, చూపు మాత్రం, ఎంతసేపుంటే అంతసేపు. ఫోను ఉపవాసం ఈసారీ ఉంది, అందరూ గంట కొట్టగానే వస్తారు. నీ హద్దు ఇప్పుడే పెంచమని అడిగిపెట్టు. మిషన్లన్నీ పదకొండింటికే ఎత్తి ఉంచు, ఊరికే తిరిగినా తిరగనీ. బస్సులో ఉన్నవాళ్ళకి కూడా ఆమె మొహం అందాలి.

ఇక చాలు. లే, నాకు గ్లాసుడు నీళ్ళు తెచ్చిపెట్టు.